బ్యాడ్మింటన్: ప్రత్యర్థి ఆటను మ్యాచ్ మధ్యలో ఎలా చదువుతారు? భిలాయ్ లాంటి ఊళ్లలో ఇది నేర్చుకోవడం ఎందుకు కష్టం?

2022 జనవరి 15. దిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియం. కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేని హాల్లో ఇండియా ఓపెన్ మహిళల సింగిల్స్ సెమీఫైనల్ జరుగుతోంది. ఒకవైపు థాయ్‌లాండ్‌కు చెందిన రెండో సీడ్ బుసానన్ ఓంగ్‌బమ్రుంగ్‌ఫాన్. మరోవైపు ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్-భిలాయ్ జంట నగరాల నుంచి వచ్చిన 20 ఏళ్ల ఆకర్షి కశ్యప్.

తొలి గేమ్ హోరాహోరీగా సాగింది. 20-20 దాటి, 24-24 దాకా వెళ్లి, చివరికి 26-24తో బుసానన్ గెలిచారు. రెండో గేమ్ మాత్రం 21-9తో ముగిసిపోయింది.

తొలి గేమ్‌లో 24 పాయింట్లు తెచ్చుకున్న క్రీడాకారిణి, కొద్ది నిమిషాల తర్వాత అదే కోర్టులో, అదే ప్రత్యర్థి మీద 9 పాయింట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయారు?

ఇలాంటి స్కోర్లు బ్యాడ్మింటన్‌లో కొత్తేమీ కాదు. అలసట ఒక కారణం కావచ్చు. చేతికందిన గేమ్ పోయిందన్న నిరాశ ఇంకో కారణం కావచ్చు. వీటితోపాటు టీవీ తెర మీద అంత సులభంగా కనిపించని మూడో కారణం ఒకటి ఉంటుంది. మొదటి గేమ్ నడుస్తున్నంతసేపూ ఇద్దరూ ఒకరినొకరు చదువుతూనే ఉంటారు. ఎవరు ముందు చదివి, దానికి తగ్గట్టు తమ ఆట మార్చుకుంటారో వారికి రెండో గేమ్ తేలికవుతుంది.

ఈ చదవడం అనేది పుట్టుకతో వచ్చే మాయ కాదు. అది నేర్చుకునే పని. కానీ స్మాష్, డ్రాప్‌ల మాదిరిగా ఒక్క కోచ్, ఒక్క కోర్టు ఉంటే వచ్చేది కూడా కాదు. రకరకాల ప్రత్యర్థులు కావాలి. చిన్న కేంద్రాల్లో పెరిగే పిల్లలకు దొరకనిది సరిగ్గా అదే.

షటిల్ వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమే

సింగిల్స్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 5.18 మీటర్లు. మధ్యలో నెట్. అంటే ఒక్కో ఆటగాడు కాపాడుకోవాల్సింది సుమారు 6.7 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న స్థలం.

అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో కొట్టిన ఒక స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అది రాకెట్‌ను వదిలిన క్షణంలో కొలిచిన వేగం. 16 ఈకలు, 5 గ్రాముల అటూఇటూ బరువు ఉండే షటిల్‌ను గాలి బలంగా అడ్డుకుంటుంది. కాబట్టి అవతలి వైపు చేరేసరికి వేగం బాగా పడిపోతుంది. అయినా మంచి స్మాష్‌ను ఎదుర్కొనే ఆటగాడికి దొరికేది అర సెకను కూడా కాదు.

మనిషి కంటికి ఒక సంకేతం కనిపించి, శరీరం కదలడం మొదలుపెట్టడానికే సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ తర్వాత అడుగు వేయాలి, రాకెట్ తిప్పాలి. కాబట్టి షటిల్ ఎటు వస్తోందో చూసి, అప్పుడు నిర్ణయం తీసుకునే ఆటగాడు చాలా ర్యాలీల్లో ఒక అడుగు వెనకే ఉంటాడు. ఉన్నత స్థాయిలో ఆడేవారు షాట్ కొట్టకముందే దాని దిశను అంచనా వేస్తారు.

దీనిని పరీక్షించిన తొలి పరిశోధనల్లో ఒకటి బ్యాడ్మింటన్ మీదే జరిగింది. బ్రూస్ అబర్నెతీ, డి.జి. రస్సెల్ అనే పరిశోధకులు 1987లో ప్రచురించిన అధ్యయనాల్లో, ఆటగాళ్లు షాట్లు కొడుతున్న ఫిల్ములను వేర్వేరు క్షణాల్లో ఆపేసి, షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమని అడిగారు. అనుభవజ్ఞులు, కొత్తవారు ఇద్దరూ రాకెట్‌ను చూసి అంచనా వేశారు. కానీ అనుభవజ్ఞులు అంతకంటే ముందే, రాకెట్ పట్టుకున్న చేతి కదలిక నుంచి కూడా సమాచారం తీసుకోగలిగారు. కొత్తవారికి ఆ చేయి ఏమీ చెప్పలేదు.

అంటే తేడా కంటిచూపులో లేదు. ఎక్కడ చూడాలో తెలియడంలో ఉంది.

చదవడం అంటే ఏం చూడడం?

కోర్టులో చదివేది రెండు రకాలు. ఒకటి ఈ క్షణంలో ప్రత్యర్థి శరీరం చెప్పేది. రెండోది గత పది, పదిహేను ర్యాలీల్లో ఆ ప్రత్యర్థి అలవాట్లు చెప్పినది.

శరీరం విషయానికి వస్తే, షటిల్‌ను ఎక్కడ అందుకుంటున్నారన్నది మొదటి సూచన. తలకు ముందు, ఎత్తులో అందుకుంటే స్మాష్, డ్రాప్, టాస్ మూడూ సాధ్యమే. షటిల్ తల వెనక్కి వెళ్లిపోయిందంటే గట్టి స్మాష్ రావడం కష్టం. నెట్ దగ్గర షటిల్ పైఅంచు ఎత్తులో దొరికితే దాడి చేస్తారు. మోకాళ్ల దగ్గర దొరికితే పైకి లేపక తప్పదు, లేదంటే నెట్‌కు ఆనించి వదలాలి. భుజం తిరిగిన తీరు, శరీరం బరువు ఏ కాలు మీద ఉందన్నది మిగతా సూచనలు.

అలవాట్లను పట్టుకోవాలంటే జ్ఞాపకం కావాలి. ప్రతి ఆటగాడికీ ఒత్తిడిలో దాక్కునే చోటు ఒకటి ఉంటుంది. బ్యాక్‌హ్యాండ్ మూలలో చిక్కితే కొందరు ప్రతిసారీ అడ్డంగా డ్రాప్ వేస్తారు. కొందరు నేరుగా టాస్ చేస్తారు. స్మాష్ కొట్టాక కొందరు వెంటనే నెట్‌కు పరుగెత్తుతారు, కొందరు అక్కడే ఆగి చూస్తారు. 18-18 దగ్గర కొందరు తమకు బాగా నమ్మకమున్న సర్వీస్‌నే మళ్లీ చేస్తారు.

స్కోరు 3-3 ఉన్నప్పుడు ఎవరైనా నాలుగు రకాల షాట్లు ఆడతారు. 18-18 దగ్గర ఆడే షాట్ ఆ ఆటగాడి అసలు స్వభావం. అనుభవమున్నవారు దాన్ని గుర్తుపెట్టుకుని, అదే పరిస్థితి మళ్లీ వచ్చినప్పుడు వాడుకుంటారు.

తొలి 11 పాయింట్లు: ప్రశ్నలు వేసే సమయం

ప్రస్తుత నిబంధనల ప్రకారం మూడు గేముల్లో రెండు గెలవాలి. గేమ్‌కు 21 పాయింట్లు. ముందంజలో ఉన్నవారి స్కోరు 11కి చేరగానే 60 సెకన్ల విరామం ఉంటుంది. గేముల మధ్య రెండు నిమిషాలు.

కాబట్టి చాలామంది ఆటగాళ్లు తొలి 11 పాయింట్లను రెండు పనులకు వాడతారు. పాయింట్లు తెచ్చుకోవడం ఒకటి. ప్రశ్నలు వేయడం రెండోది.

ఆ ప్రశ్నలు మాటల్లో ఉండవు, షాట్లలో ఉంటాయి. బ్యాక్‌హ్యాండ్ మూలకు ఎత్తుగా టాస్ వేస్తే ఏం చేస్తుంది? శరీరం మీదకు స్మాష్ కొడితే రాకెట్ ఎటు తిప్పుతుంది? నెట్ దగ్గర డ్రిబుల్ చేస్తే తిరిగి డ్రిబుల్ చేస్తుందా, భయపడి లేపుతుందా? ముందు మూల నుంచి ఎదురుగా ఉన్న వెనక మూలకు పరుగెత్తిస్తే, మూడోసారికి అడుగు ఆలస్యమవుతుందా?

ఒకసారి వచ్చిన సమాధానాన్ని నమ్మకూడదు. అది యాదృచ్ఛికం కావచ్చు. అదే ప్రశ్నకు రెండోసారి, మూడోసారి కూడా అదే జవాబు వస్తే దాన్ని అలవాటుగా తీసుకోవచ్చు.

హాలును కూడా చదవాలి. పెద్ద ఇండోర్ స్టేడియాల్లో ఏసీ గాలి ఒకవైపు నుంచి వీస్తే ఒక ఎండ్‌లో షటిల్ దూరం పోతుంది, మరో ఎండ్‌లో నడుము లోతు కూడా వెళ్లదు. గేమ్ అయ్యాక ఎండ్‌లు మారతాయి. మూడో గేమ్‌లో 11 దగ్గర మళ్లీ మారతాయి. మొదటి గేమ్‌లో టాస్‌లు బయటపడ్డాయని చేతిని తగ్గించుకున్న ఆటగాడు, ఎండ్ మారాక కూడా అదే బలంతో ఆడితే షటిల్ కోర్టు మధ్యలో పడుతుంది. అవతలివారికి అది ఉచిత స్మాష్.

చదవడానికి దొరికే సమయం గతంలో ఇంతకంటే ఎక్కువ ఉండేది. 2006కు ముందు సర్వీస్ చేసినవారికే పాయింట్ వచ్చేది. స్కోరు కదలకుండానే సర్వీస్ అటూఇటూ మారుతూ ఎన్నో ర్యాలీలు గడిచేవి. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ ఒక పాయింట్. ఆలస్యంగా అర్థం చేసుకున్నా అర్థం కానట్టే లెక్క.

ప్లాన్ తప్పా, షాట్ తప్పా?

మ్యాచ్ మధ్యలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. వరుసగా నాలుగు పాయింట్లు పోయాయి. ఆట మార్చాలా, అదే ప్లాన్‌ను ఇంకా బాగా ఆడాలా?

తొందరపడి మార్చేవారు చాలామంది. డ్రాప్ రెండుసార్లు నెట్‌కు తగలగానే డ్రాప్ మానేస్తారు. అసలు ఆ డ్రాప్‌లకు ప్రత్యర్థి కదలనే లేదు. అంటే ప్లాన్ సరైనదే, చేయి తప్పింది. అలాంటప్పుడు మార్చాల్సింది షాట్ ఎత్తును, షాట్‌ను కాదు.

దీనికి వ్యతిరేకం కూడా ఉంటుంది. స్మాష్‌లు లైను మీదే పడుతున్నాయి, చూడ్డానికి అద్భుతంగా ఉన్నాయి. కానీ ప్రతిసారీ అవతలి రాకెట్ ముందే అక్కడ ఉంటోంది. షాట్ బాగుంది, రహస్యం మాత్రం బయటపడిపోయింది. ఇక్కడ ఇంకా గట్టిగా కొట్టడం వల్ల ప్రయోజనం లేదు.

ఈ రెండింటి మధ్య తేడా చెప్పడానికి ఒక సులువైన గుర్తు ఉంది. పాయింట్ ఎలా పోయిందని కాకుండా, తాను షాట్ కొట్టిన క్షణంలో ప్రత్యర్థి ఎక్కడ ఉన్నారని చూడాలి. ఆలస్యంగా కదిలి కూడా పాయింట్ గెలిచారంటే మన చేతిలో తప్పు ఉంది. ముందే అక్కడికి చేరారంటే మనల్ని చదివేశారు.

2023 ఫిబ్రవరిలో పుణెలో జరిగిన జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్‌ను గుర్తుచేసుకుంటే, ఇలాంటి చిన్న నిర్ణయాల విలువ ఎంతో తెలుస్తుంది. ఆకర్షి కశ్యప్ తొలి గేమ్‌ను 22-20తో గెలిచారు. అనుపమ ఉపాధ్యాయ తర్వాతి రెండు గేములను 21-17, 24-22తో గెలిచి టైటిల్ తీసుకున్నారు. మొత్తం పాయింట్లు లెక్కేస్తే అనుపమకు 65, ఆకర్షికి 61. ఒక జాతీయ టైటిల్‌ను నాలుగు పాయింట్లు తేల్చాయి. అంత దగ్గరి మ్యాచ్‌లో ఒక్క అలవాటును ఒక్క ర్యాలీ ముందు గుర్తించినా ఫలితం తారుమారు కావచ్చు.

60 సెకన్లలో కోచ్ ఏం చెప్పగలరు?

షటిల్ ఆటలో లేనప్పుడు మాత్రమే కోచ్ సలహా ఇవ్వచ్చు. ర్యాలీల మధ్య వెనక కుర్చీలోంచి ఒకటి రెండు మాటలు వినిపిస్తాయి. అసలు సంభాషణ జరిగేది 11 పాయింట్ల దగ్గర, గేముల మధ్యలో.

ఆటగాడి గుండె వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. చెమట తుడుచుకోవాలి, నీళ్లు తాగాలి. అలాంటి నిమిషంలో ఆరు విషయాలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. అందుకే మంచి కోచ్‌లు ఒకటి, లేదా రెండు మాటలకే పరిమితమవుతారు. అవి కూడా చేయగలిగేవే చెబుతారు. ‘జాగ్రత్తగా ఆడు’ అన్నది సలహా కాదు. ‘ఆమె ఫోర్‌హ్యాండ్ మూల నుంచి అడ్డంగానే కొడుతోంది, ఒక అడుగు అటువైపు జరిగి నిలబడు’ అన్నది సలహా.

కోచ్‌కు ఆటగాడి కంటే మంచి చూపు ఉండటానికి కారణం ఉంది. వారు కోర్టు వెనక నుంచి ఇద్దరినీ ఒకేసారి చూస్తారు. ఆటగాడికి షటిల్ కనిపిస్తే కోచ్‌కు ఖాళీ స్థలం కనిపిస్తుంది. కానీ ఆ సలహాను కోర్టులో అమలు చేయాల్సింది ఆటగాడే. తర్వాతి విరామం వచ్చేలోగా ప్రత్యర్థి మళ్లీ మారిపోతే, అది గుర్తించాల్సింది కూడా ఆటగాడే.

మార్చడం అంటే ఏం మార్చడం?

మ్యాచ్ మధ్యలో ఎవరూ కొత్త షాట్ నేర్చుకోలేరు. ఉన్న షాట్లలోనే వేగం, ఎత్తు, దిశ, లోతు మార్చగలరు.

దీనికి భారత బ్యాడ్మింటన్‌లో పాత ఉదాహరణ 1980 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్. ఇండొనేసియా ఆటగాడు లీమ్ స్వీ కింగ్ గాల్లోకి ఎగిరి కొట్టే స్మాష్‌కు అప్పట్లో ప్రపంచమంతా భయపడేది. ప్రకాశ్ పదుకోన్ ఆయనతో వేగంలో పోటీపడలేదు. వేగం కోరుకునే ఆటగాడికి వేగం ఇవ్వకుండా, నెమ్మదైన డ్రాప్‌లతో, కచ్చితమైన టాస్‌లతో ఆయన లయను తెంచేశారు. స్కోరు 15-3, 15-10.

తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ పీవీ సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా మధ్య నడిచిన పోరు.

2016 రియో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో సింధు 21-19, 21-10తో గెలిచారు. రెండో గేమ్‌లో 10-10 నుంచి వరుసగా 11 పాయింట్లు సింధువే. మరుసటి ఏడాది గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో వారే తలపడ్డారు. ఈసారి మ్యాచ్ 110 నిమిషాలు సాగింది. రెండో గేమ్ చివరి పాయింట్ కోసం 73 షాట్ల ర్యాలీ నడిచింది. ఆ ర్యాలీని సింధు గెలిచినా, 19-21, 22-20, 20-22తో మ్యాచ్ ఓడిపోయారు. పాయింట్లు కూడితే ఒకుహారాకు 63, సింధుకు 61.

సుదీర్ఘ ర్యాలీలు ఒకుహారా ఇల్లు. ఎంత కొట్టినా తిరిగి వచ్చే షటిల్ ఆమె ఆయుధం. ఆ ఇంట్లోకి వెళ్లి గెలవడం దాదాపు సాధ్యమే, కానీ ఖర్చు ఎక్కువ.

2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఇద్దరూ మళ్లీ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఎదురయ్యారు. సింధు 21-7, 21-7తో గెలిచారు. మ్యాచ్ 38 నిమిషాల్లో ముగిసింది. ఈసారి ఆమె ర్యాలీ పొడవు పెరిగేదాకా ఎదురుచూడలేదు. తన ఎత్తును వాడుకుని మొదటి నుంచే పైనుంచి దాడి చేశారు, తిరిగి వచ్చిన బలహీనమైన షటిల్‌ను నెట్ దగ్గరే ముగించారు. ప్రత్యర్థి బలం ఎక్కడుందో చదివి, మ్యాచ్‌ను అక్కడికి వెళ్లనివ్వకపోవడమే ఇక్కడ ఎత్తుగడ.

ఎత్తుకు పైఎత్తు

చదవడం ఒకవైపే జరగదు. గెలుస్తున్నవారిని కూడా అవతలివారు చదువుతూనే ఉంటారు. గెలిపిస్తున్న షాట్ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అది త్వరగా పట్టుబడుతుంది.

రియో ఫైనల్ ఇందుకు ఉదాహరణ. తొలి గేమ్‌లో సింధు 16-19తో వెనకబడి, వరుసగా అయిదు పాయింట్లు సాధించి 21-19తో గెలిచారు. అలా చేతిలోంచి గేమ్ జారిపోయిన క్రీడాకారిణి కుంగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కరోలినా మారిన్ వేగం పెంచి, రెండో గేమ్ విరామానికి 11-2తో ముందుకెళ్లారు. 21-12, 21-15తో స్వర్ణం గెలిచారు. ఎడమచేతి వాటం వల్ల ఆమె స్మాష్‌లు వచ్చే కోణాలు కూడా వేరు.

2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల సెమీఫైనల్లోనూ ఇదే కనిపించింది. లక్ష్యసేన్ తొలి గేమ్‌లో 20-17తో, రెండో గేమ్‌లో 7-0తో ముందున్నారు. విక్టర్ యాక్సెల్సెన్ 22-20, 21-14తో గెలిచారు. 7-0 తర్వాత జరిగిన 28 ర్యాలీల్లో 21 డెన్మార్క్ ఆటగాడివే. ఏడు పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు ఆట మార్చాలని ఎవరికీ అనిపించదు. వెనకబడ్డవారికి మాత్రం మార్చక తప్పదు. ఆధిక్యంలో ఉన్నవారికి పొంచి ఉన్న ప్రమాదం ఇదే.

అందుకే పైస్థాయి ఆటగాళ్లు కొన్ని షాట్లను దాచుకుంటారు. కొన్నిసార్లు కావాలనే ఒక అలవాటును చూపిస్తారు. నాలుగుసార్లు బ్యాక్‌హ్యాండ్ మూలకు టాస్ వేసి, ప్రత్యర్థి అటు ఒరగడం మొదలుపెట్టగానే, అయిదోసారి అదే భంగిమతో ఎదురు మూలలో డ్రాప్ వేస్తారు. చైనీస్ తైపీ క్రీడాకారిణి తాయ్ జు యింగ్‌తో ఆడటం కష్టమని పేరు రావడానికి కారణం ఇదే. ఆమె చేతి కదలిక చివరి క్షణం దాకా ఒకేలా ఉండేది. రాకెట్ చేతిని చూసి అంచనా వేసే అనుభవం ఉన్నవారే ఆమె దగ్గర ఎక్కువగా మోసపోయేవారు.

భిలాయ్ లాంటి పట్టణంలో ఇది ఎందుకు కష్టం?

భిలాయ్ క్రీడలకు కొత్త ఊరు కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతోపాటే సెక్టార్లు, పాఠశాలలు, మైదానాలు ఉన్న టౌన్‌షిప్ పెరిగింది. దేశం నలుమూలల నుంచి కార్మికులు వచ్చారు. ఉత్తరాంధ్ర సహా తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. వారికి సెక్టార్ 5లో బాలాజీ మందిరం కూడా ఉంది.

దుర్గ్-భిలాయ్ ప్రాంతం నుంచి వచ్చిన ఆకర్షి, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచిన భారత జట్టులో సభ్యురాలు. ఆ జట్టులో సింధు, కిదాంబి శ్రీకాంత్, సాత్విక్, గాయత్రి గోపీచంద్, సుమీత్ రెడ్డి లాంటి తెలుగు ఆటగాళ్లూ ఉన్నారు. భారత జూనియర్ జట్లకు శిక్షణ ఇచ్చిన సంజయ్ మిశ్రాది కూడా ఛత్తీస్‌గఢే. అంటే స్ట్రోకులు నేర్పగలిగేవారు లేరని కాదు.

కొరత వేరే చోట ఉంది. చిన్న కేంద్రంలో ఒక అమ్మాయి బాగా ఆడటం మొదలుపెట్టిందంటే, కొద్ది నెలల్లోనే అక్కడున్న అందరి ఆటా ఆమెకు తెలిసిపోతుంది. ఎవరి స్మాష్ ఎటు వస్తుందో, ఎవరు డ్రాప్‌కు పరుగెత్తరో కంఠతా వచ్చేస్తుంది. రోజూ గెలుస్తుంది. బాగా చదువుతున్నానని అనుకుంటుంది. నిజానికి అది చదవడం కాదు, చదివేసిన పుస్తకాన్ని అప్పజెప్పడం.

ఆమె మొదటిసారి పెద్ద టోర్నమెంట్‌లో ముఖం తెలియని ఎడమచేతి వాటం అమ్మాయితోనో, ప్రతి షాట్‌నూ ఆపి వదిలే మోసగత్తెతోనో తలపడినప్పుడు తేడా తెలుస్తుంది. స్ట్రోకుల్లో తక్కువేమీ ఉండదు. కానీ 11 పాయింట్లలో ఒక కొత్త మనిషిని అర్థం చేసుకునే అలవాటు ఉండదు.

హైదరాబాద్, బెంగళూరుల్లోని పెద్ద అకాడమీల అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. అక్కడి కోర్టులు, జిమ్‌లు, ఫిజియోలు ముఖ్యమే. అంతకంటే ముఖ్యం, అక్కడ ప్రతి వారం వేరే శైలి ఆటగాళ్లు ఎదురవుతారు. సింధు, సైనా, శ్రీకాంత్, పారుపల్లి కశ్యప్ లాంటివారు ఒకే నగరంలో ఎదగడానికి గోపీచంద్ శిక్షణ ఎంత కారణమో, వారంతా ఒకే చోట ఉండటమూ అంతే కారణం. ఆ లాభం కోసమే చిన్న ఊళ్ల పిల్లలు పదేళ్లకో, పన్నెండేళ్లకో ఇల్లు వదిలి వెళ్తున్నారు. ఆ ఖర్చు భరించలేని కుటుంబాల పిల్లలు అక్కడితో ఆగిపోతున్నారు.

ఊరు వదలకుండా ఏం చేయొచ్చు?

ఈ లోటును పూర్తిగా పూడ్చడం ఒక జిల్లా కేంద్రం వల్ల కాకపోవచ్చు. కానీ ఉన్న పది మందితోనే వైవిధ్యాన్ని తయారుచేసుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, నిబంధనలు మార్చి ఆడించడం. ఒకరు కోర్టులో సగంలోకే కొట్టాలి, లేదా స్మాష్ లేకుండా ఆడాలి, లేదా ప్రతి మూడో షాట్ నెట్ దగ్గర వేయాలి. అవతలి ఆటగాడికి ఆ నిబంధన ఏమిటో చెప్పరు. ఆడుతూ కనిపెట్టాలి. ఇది నేరుగా చదివే నైపుణ్యానికే సాధన.

రెండోది, స్కోరును మధ్య నుంచి మొదలుపెట్టడం. 16-19 నుంచి, 18-18 నుంచి, 7-0 నుంచి ఆడిస్తే ఒత్తిడిలో తన అలవాట్లేమిటో ఆటగాడికే తెలుస్తుంది. ఎదుటివారిని చదవడానికి ముందు తనను తాను చదువుకోవడం అవసరం.

మూడోది, విరామంలో కోచ్ చెప్పకుండా అడగడం. ‘ఇప్పటిదాకా ఏం గమనించావు? పాయింట్లు ఎక్కడ పోయాయి?’ అని అడిగితే, మొదటి పది రోజులు పిల్లలు నేల చూపులు చూస్తారు. తర్వాత జవాబులు వస్తాయి. ప్రతి 11 దగ్గరా జవాబు చెప్పాల్సి వస్తుందని తెలిసిన పిల్లలు ఆడుతూనే గమనించడం మొదలుపెడతారు.

నాలుగోది ఫోన్. స్టాండ్ మీద ఒక ఫోన్ పెట్టి మ్యాచ్ రికార్డు చేస్తే చాలు. రాత్రి కూర్చుని బ్యాక్‌హ్యాండ్ మూలలో ఇరుక్కున్న ప్రతిసారీ తాను ఏ షాట్ ఆడిందో గీతలు గీసి లెక్కపెడితే, ఆ అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేదు. అంతర్జాతీయ మ్యాచ్‌లను చూసేటప్పుడు కూడా షాట్ కొట్టే క్షణంలో వీడియో ఆపి, షటిల్ ఎటు పోతుందో ముందుగా చెప్పి, తర్వాత సరిచూసుకోవచ్చు. 1987 నాటి పరిశోధనలో వాడిన పద్ధతి ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది.

అయిదోది, ఎవరితోనైనా ఆడటం. షిఫ్టు దిగి సాయంత్రం క్లబ్బుకు వచ్చే 45 ఏళ్ల ఉద్యోగి పరుగెత్తలేడు, కాబట్టి మణికట్టుతో మోసం చేస్తాడు. అలాంటి ఆటగాడితో వారానికి ఒక గేమ్ ఆడితే, సమవయస్కులతో పది గేములు ఆడినా రాని పాఠం ఒకటి వస్తుంది. ఉక్కు పట్టణాల్లో ఇలాంటివారికి కొదవ ఉండదు.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. శిక్షణ అంటే రోజుకు ఇన్ని వందల షటిళ్లు కొట్టించడమే అన్న లెక్క నుంచి బయటపడటమే కష్టం. వందసార్లు ఒకే మూలకు టాస్ వేయడం చేతికి పని నేర్పుతుంది. ఆ టాస్ ఎప్పుడు వేయకూడదో నేర్పేది మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషే.